వరసలో చివరి తల

మా తోడికోడలు దుర్గాభవానికి కోపం రాదు. ఇదేదో మెచ్చుకుంటూ చెబుతున్నానని అనుకోకండి. కోపిష్టి మనిషితో పోట్లాడితే ఇద్దరం నాలుగు మాటలు అనుకుని, సాయంత్రానికల్లా కూర గిన్నెలు ఇచ్చిపుచ్చుకోవచ్చు. కోపం రానివాళ్లతో పోట్లాడితే మన గొంతు మనకే వినపడి సిగ్గేస్తుంది. భవాని గొంతు పెంచదు, పట్టు వదలదు. ఉడుంపట్టు అంటారే, అదీ.

తన పుట్టిల్లు సామర్లకోట. వాళ్ల నాన్న అక్కడ పంచదార ఫ్యాక్టరీలో కూలికి వెళ్లేవాడు. మా మరిది జానకిరామ్‌ని చేసుకుని నరసాపురం వచ్చిన కొత్తలో, గోదావరి దాటడానికి పంటు ఎక్కితే చాలు, కళ్లు గట్టిగా మూసుకుని నా మోచెయ్యి పట్టుకునేది. గోళ్లు దిగేవి. అలాంటి పిల్ల కొన్నాళ్లకి రేవు దగ్గర టిఫిన్ బండి పెడతానంది. "చేపలమ్ముకునే కొంపలో ఇడ్లీల వ్యాపారం ఏంటే? ఎవడు తింటాడు?" అని మా అత్తగారు ఎగిరిపడింది. భవాని ఎదురు చెప్పలేదు. వెళ్లి పప్పు నానబోసింది. ఇప్పుడు సఖినేటిపల్లి నుంచి వచ్చే పంటు దిగినవాళ్లలో సగం మంది తన పెసరట్టు తినకుండా ఊళ్లోకి రారు. మా అత్తగారు కూడా బజారుకి వెళ్తూ అక్కడ ఆగి, అల్లం పచ్చడి మరో గరిటె వేయించుకుని మరీ తింటుంది.

మా అత్తగారి పేరు మహాలక్ష్మమ్మ. చేపల బజారులో ఆవిడ చెప్పిందే ధర, ఇంట్లో ఆవిడ చెప్పిందే మాట. ఈ వయసులోనూ ఆవిడ కొప్పు గుప్పిట్లో పట్టదు. "నా జుట్టు చూసే మీ మామ వెంటపడి చేసుకున్నాడు" అని ఇప్పటికీ చెప్పుకుంటుంది. మా మామగారు పల్లంరాజుగారు ఔననీ అనరు, కాదనీ అనరు. ఆయనది బట్టతల. ఆ విషయంలో ఆయన మాట్లాడకపోవడమే మర్యాద.

ఆ జుట్టు కొడుకులు దాటి, నా మగపిల్లలు దాటి, తిన్నగా భవాని కూతురు హాసినికి వచ్చింది. ఐదో తరగతి పిల్లకి నడుం దాటిన జడ. రోజూ నాన్నమ్మే దువ్వాలి, నాన్నమ్మే అల్లాలి, పడుకునేది నాన్నమ్మ పక్కలోనే. మా రెండు కుటుంబాలకి పొయ్యిలు వేరుగానీ వాకిలి ఒకటే. అందుకని ఆ జడ మా అందరిదీ అన్నట్టే ఉండేది. బడి తెరిచాక ఆ జడలో పేలు పడ్డాయి.

పడినవి పడ్డట్టు ఉంటాయా? పేనుకి పెత్తనమిస్తే తలంతా కొరికేసిందట. హాసిని తల నుంచి భవాని తలకి, అక్కడి నుంచి నా తలకి, నా కొడుకులకి పాకాయి. రాత్రీ పగలూ బరుకుడే. మందుల షాపులో అమ్మే షాంపూ తెచ్చి పిల్లలకి పెట్టాం. పోయాయి అనుకున్నాం. మళ్లీ వచ్చాయి. హాసిని గోకి గోకి మెడ వెనకాల పుండ్లు చేసుకుంది. అవి చీము పట్టి, పిల్లకి జ్వరం వచ్చింది. సర్కారు ఆసుపత్రిలో డాక్టరమ్మ పుండ్లకి, జ్వరానికి మందులిచ్చి, "పచ్చిపుండ్ల మీద పేల మందులేవీ రాయకండమ్మా. ముందు చర్మం మాననివ్వండి. ఈలోగా నూనె పెట్టి దువ్వెనతో తీసుకోండి" అంది. భవాని ఆ మాట పట్టుకుంది. తను పట్టుకుంటే ఎలా ఉంటుందో చెప్పాను కదా.

నూనె, దువ్వెన అంటే మా ఇంట్లో ఎవరికి ఆనుతుంది? ఎవరి వైద్యం వాళ్లు చెప్పారు. ఎదురింటి వీరమ్మ కిరసనాయిలు రాయమంది. "రోజంతా పొయ్యి ముందు ఉండేదాన్ని, నా తలకే నిప్పు పెట్టుకోమంటావా పిన్నీ?" అని భవాని నవ్వేసింది. నేను సీతాఫలం గింజలు నూరి పట్టించమన్నాను. "చెట్టు మందే కదే, ఏమీ చెయ్యదు" అన్నాను.

"గన్నేరుకాయ కూడా చెట్టుదే కదక్కా" అంది.

ఆ మాటకి నాకు ఒళ్లు మండింది. మండినా ఏం లాభం? సామర్లకోటలో వాళ్ల మేనత్త ఆ సీతాఫలం గింజల పొడే తలకి పెట్టుకుంటే, అది చెమటతో జారి కంట్లో పడి, కన్ను నిప్పులా వాచి ఆసుపత్రి పాలైందట. పేను చచ్చేంత ఘాటు పిల్ల కంటికి మాత్రం చల్లగా ఉంటుందా అని అడిగింది. నేను గింజలు పెరట్లో పారబోశాను.

అసలు గొడవ మా మరిదితో వచ్చింది. జానకిరామ్ మొగల్తూరు వైపు చేపల చెరువుల మీద కాపలా, మేత పని చూస్తాడు. చెరువుల్లో చేపలకి కూడా పేను పడుతుంది. ఒంటికి బిళ్లల్లా కరుచుకుని రక్తం తాగుతుంది. దానికి ఒక మందుంది, నీళ్లలో కలిపి చెరువంతా చల్లుతారు. ఒకరోజు సాయంత్రం మనవాడు ఆ మందు కాస్త కూల్‌డ్రింక్ సీసాలో పోసుకుని, యుద్ధం గెలిచినవాడిలా ఇంటికొచ్చాడు.

"ఎకరాల చెరువులో పేను ఒక్క పూటకి కొట్టుకుపోయింది. ఈ పిల్ల తలెంత? చెంబుడు నీళ్లలో రెండు చుక్కలు వేసి పోసేయ్" అన్నాడు.

మా అత్తగారు "అద్గదీ, మగాడంటే అలా ఉండాలి" అంది. నిజం చెప్పొద్దూ, నాకూ సబబుగానే తోచింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి చేపల మధ్య బతికేవాళ్లం. చేపకి మంచిదైతే మనకి మంచిదే అనుకుంటాం.

భవాని బండి సామాను కడుగుతోంది. చెయ్యి తుడుచుకుని వచ్చి సీసా తీసుకుంది. మూత తియ్యలేదు.

"మావా, ఇది చల్లేటప్పుడు నీ మూతికి తువ్వాలెందుకు కట్టుకుంటావు?"

"వాసనకి."

"చల్లాక ఇంటికొచ్చి సబ్బు పెట్టి తోముకుంటావు. పిల్లల్ని దగ్గరికి రానివ్వవు. ఎందుకు?"

మా మరిది తల గోక్కున్నాడు.

"మందు చల్లిన చెరువులో చేప వెంటనే పడతారా?"

"పట్టరు. కొన్నాళ్లు ఆగాలి. మందు దిగిపోవాలి కదా."

"తినే చేపకే అన్నాళ్లు ఆగుతున్నారే. పుండ్లు పడ్డ పిల్ల నెత్తిన పోశాక నన్ను ఎన్నాళ్లు ఆగమంటావు మావా?"

గొంతు పెంచలేదండి. ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది. జానకిరామ్ ముఖం పాలిపోయింది. వాడు చెడ్డవాడు కాదు, కూతురంటే ప్రాణం. ఆ సీసా అలాగే తీసుకుని, మోటారు సైకిల్ మీద వెనక్కి వెళ్లి, మందు డబ్బాలు తాళం వేసే గదిలో పెట్టేసి వచ్చాడు. వచ్చి కూతురి మంచం పక్కన కూర్చుని, దాని కాలు పట్టుకుని చాలాసేపు లేవలేదు.

మా అత్తగారికి మాత్రం ఇదంతా కోడలి తలబిరుసుగా కనిపించింది. పిల్ల ఒళ్లు కాలుతుంటే ఇదేదో కబుర్లు చెబుతోందని ఆవిడ బాధ. వాకిట్లోకి వెళ్లి, నది అవతలి దిక్కుకి తిరిగి, చేతులెత్తి దణ్ణం పెట్టి, వీధంతా వినపడేలా మొక్కేసింది. "అంతర్వేది నరసింహస్వామీ! పిల్లకి జ్వరం తగ్గి, ఇంట్లో పేలు పోతే దాని తలనీలాలు నీకిస్తాను తండ్రీ!"

పేలు పోవడానికి గుండు కొట్టిస్తారు, అది విన్నాను. పేలు పోతే గుండు కొట్టిస్తాననడం ఎక్కడా వినలేదు. పోకపోతే ఎలాగూ కొట్టిస్తుంది. ఎటు తిరిగినా పిల్ల జడ పోవాల్సిందే. నేను భవాని వంక చూశాను. తను తలుపు పట్టుకుని నిలబడి ఉంది. లోపల హాసిని జ్వరంలోనే అంతా విని, రెండు చేతులతో జడ గుండెకి అదుముకుని, "అమ్మా, వద్దని చెప్పమ్మా" అని ఏడుస్తోంది.

దేవుడికి మొక్కింది వద్దనడానికి ఎవరికి గుండెలున్నాయి? భవాని పిల్ల దగ్గర కూర్చుని, "ముందు పేలు పోనీ. స్వామితో సంగతి తరవాత నేను చూసుకుంటాను" అంది. ఎలా చూసుకుంటుందో తనకే తెలియదని నాకు తెలుసు.

జ్వరం తగ్గింది. పుండ్లు పక్కు కట్టి ఎండాయి. భవాని సన్నపళ్ల స్టీలు దువ్వెన కొనుక్కొచ్చింది. కొబ్బరినూనె గిన్నెడు పోసి, జుట్టు పాయలు పాయలుగా విడదీసి, కుదుళ్ల నుంచి కొసదాకా దువ్వి, ప్రతిసారీ తెల్లగుడ్డ మీద తుడుస్తుంది. నూనెలో పేను పరుగెత్తలేదు, నెమ్మదిస్తుంది, దువ్వెనకి దొరుకుతుంది. తరవాత కుంకుడు రసంతో తలంటు, మళ్లీ తడి మీద దువ్వడం. ఈపులు, అంటే పేల గుడ్లు, పగిలి మళ్లీ పేలవుతాయి కాబట్టి నాలుగు రోజులకోసారి ఇదే తంతు, పేలున్నవాళ్లందరికీ ఒకే రోజున. మగపిల్లలకి జుట్టు పొట్టిగా కత్తిరించింది. నా తల కూడా వదల్లేదు. చేతులు నొప్పెట్టవా అంటే, "పెసరపప్పు రుబ్బడం కంటే తేలికే" అనేది.

నా తల శుభ్రమైంది. పిల్లల తలలు శుభ్రమయ్యాయి. హాసిని తల శుభ్రమైంది. మళ్లీ వారంలో హాసిని తలలో నడిచే పేను కనిపించింది. తీసింది. మళ్లీ వచ్చింది. "నూనెకి పేలు పోతే లోకంలో మందులెందుకే?" అని మా అత్తగారు దెప్పింది. భవాని కళ్ల కింద నలుపు కట్టింది. ఆ వారం రేవులో పెసరట్లు రెండు మాడ్చిందని విన్నాను, అదొక వార్త.

ఇప్పుడు మా వైపు ఆడవాళ్లు పేలు చూసుకునే పద్ధతి చెప్పాలి. మధ్యాహ్నం పనులయ్యాక వాకిట్లో మెట్ల మీద వరసగా కూర్చుంటాం. కింది మెట్టు మీద చిన్నపిల్ల. దాని వెనక మెట్టు మీద వాళ్లమ్మ, పిల్ల తల చూస్తుంది. ఆవిడ వెనక ఇంకొకరు. అందరికంటే పై మెట్టు మీద ఇంటి పెద్ద. రైలు పెట్టెల్లా ఉంటాం. మాటకి మాట, నవ్వుకి నవ్వు, ఊళ్లో సంగతులన్నీ ఆ మెట్ల మీదే తేలతాయి. మా అమ్మ ఇంట్లోనూ అంతే, అమ్మమ్మ ఇంట్లోనూ అంతే.

ఆ రోజు కింద హాసిని, దాని వెనక భవాని, భవాని వెనక నేను, పైన మా అత్తగారు. భవాని హాసిని తలలోంచి ఒక పేను తీసి, గుడ్డ మీద పెట్టి, దాన్ని చూస్తూ ఉండిపోయింది. తరవాత మెల్లిగా వెనక్కి తిరిగింది. నన్ను చూసింది. నా వెనక ఉన్న మా అత్తగారిని చూసింది. మా అత్తగారి వెనక ఎవరూ లేరు. ఉత్త గడప.

అప్పుడే మా అత్తగారు కొప్పులోంచి తలపిన్ను తీసి, ఊరికే అలవాటుగా, దాంతో నెత్తి గీరుకుంది. ఏళ్ల తరబడి చూస్తున్నాం. "గంప మోసే తల, ఉక్కకి దురద" అనేది. ఔను కాబోలు అనుకునేవాళ్లం. ఇంటి పెద్ద తలలో పేలుంటాయని అనుకోవడానికి కూడా మాకు నోరు లేదు. అందరి తలలూ చూసే మనిషి తల చూసేదెవరు? మా అమ్మమ్మ తల ఎవరు చూశారు? ఇన్ని మెట్లు, ఇన్ని వరసలు, ఆ పై మెట్టు సంగతి ఒక్కళ్లకి తట్టలేదు.

భవాని లేచింది. నూనె గిన్నె, దువ్వెన పట్టుకుని మెట్లెక్కి, మా అత్తగారి వెనక గడప మీద కూర్చుంది.

"ఏంటే, అక్కడికెళ్లావు?"

"ఇక్కడ ఖాళీగా ఉందండి అత్తయ్యా."

"నా తలలో ఏమీ లేవు."

"లేకపోతే లేవనే చెబుతానండి."

"నా నెత్తిన చెయ్యి పెట్టావంటే చెయ్యి విరుస్తాను!" ఇది బజారు గొంతు. ఎదురింట్లో వీరమ్మ చేస్తున్న పని మానేసి గుమ్మంలోకి వచ్చేసింది. ఈ ఇంటికి పెద్దకోడలిగా వచ్చిన దగ్గర్నుంచి ఆ గొంతుకి ఎదురు నిలబడ్డవాళ్లని నేను చూళ్లేదు.

భవాని దువ్వెన ఒళ్లో పెట్టుకుంది. "పిల్ల మీ పక్కలో పడుకుంటుంది అత్తయ్యా. మీ పక్కలోంచి దాన్ని లేపి నా దగ్గర పడుకోబెట్టుకుంటే పేలు పోతాయి. ఆ మాట అనడానికి నాకు నోరు రావట్లేదండి. అందుకే మీ తల చూస్తానంటున్నాను" అంది.

హాసిని కింది మెట్టు మీంచి నాన్నమ్మ మొహం చూస్తోంది. ఆఖరికి మా అత్తగారే చెయ్యెత్తి తలపిన్ను లాగి, కొప్పు విప్పేసింది. నెరిసిన జుట్టు భవాని ఒడి నిండా జారింది.

ఆ తెల్లగుడ్డ మీద పడ్డవాటిని నేను వర్ణించను. అన్నం తినేవాళ్లు ఉంటారు. మా అత్తగారు ఒకసారి గుడ్డ వంక చూసి, "ఎవరికీ చెప్పకండే" అని సన్నగా అంది. వీరమ్మ తల లోపలికి లాక్కుంది. భవాని ఒక్క మాట ఎత్తిపొడవలేదు. నేనైతే వంద అనేదాన్ని. కుదుళ్లలోకి నూనె ఇంకేలా మర్దనా చేస్తూ, పాయ తరవాత పాయ దువ్వుతూ ఉంది. పొద్దు వాలేవేళకి మా అత్తగారు కళ్లు మూసుకుని, "మా అమ్మ పోయాక నా తల ఎవరూ చూళ్లేదే" అంది. ఆవిడ గొంతులో ఏడుపు నేను వినడం అదే మొదలు. నాకూ ఏడుపొచ్చింది.

ఆ తరవాత మా వరస మారిపోయింది. మెట్లు వదిలేసి వాకిట్లో చాప పరుచుకుని గుండ్రంగా కూర్చునేవాళ్లం. భవాని తల నేను, నా తల అత్తగారు, అత్తగారి తల భవాని, మధ్యలో హాసిని. చివరి మనిషంటూ లేదు. వానలు వెనకబట్టేసరికి గుడ్డ మీద ఒక్క పేను పడలేదు. మళ్లీ వారం చూశాం, లేదు. ఆ మళ్లీ వారమూ లేదు. భవాని ఆ గుడ్డ ఉతికి తీగ మీద ఆరేస్తే, జెండా ఎగరేసినంత గొప్పగా అనిపించింది నాకు.

ఆ సాయంత్రమే మా అత్తగారు, "శనివారం అంతర్వేది వెళ్తున్నాం. అందరూ" అంది.

మా సంతోషం అక్కడితో సరి. పేలు పోయాయి, మొక్కు మిగిలింది. హాసిని జడ చేతిలోంచి వదలకుండా తిరిగింది. శనివారం పొద్దున భవాని దానికి తలంటి, నూనె రాసి, ఎప్పుడూ లేనంత నెమ్మదిగా జడ వేసింది. పంటు మీద నా పక్కన నిలబడి, "గుండు బదులు జడ కొసన మూడు కత్తెరలు ఇస్తే చాలదా అని అడుగుతానక్కా. కాళ్లు పట్టుకునైనా అడుగుతాను" అంది. నది మధ్యలో ఉన్నాం. తన కళ్లు తెరిచే ఉన్నాయి, నీళ్లతో నిండి ఉన్నాయి.

కేశఖండనశాల దగ్గర మా అత్తగారు టికెట్టు తీసుకుని ముందు నడిచింది. భవాని వెనకే పరిగెత్తినట్టు వెళ్లి, "అత్తయ్యా, ఒక్క మాట" అంది. ఆవిడ వినిపించుకోకుండా, టికెట్టు క్షురకుడి చేతిలో పెట్టి, పీట మీద తనే కూర్చుంది. కొప్పు విప్పేసింది.

"అత్తయ్యా, మీరేంటండి!"

"మొక్కింది నేను. ఇంకొకళ్ల నెత్తి మీది జుట్టు స్వామికి రాసిచ్చెయ్యడానికి నేనెవర్తినే?"

"పిల్లదని మొక్కారు కదండి..." భవానికి మాట తడబడింది.

"ఆయనకి నేను చెప్పుకుంటాను. పేలు ఎవరి తలలో కాపురం ఉన్నాయో స్వామికి తెలీదా? కానియ్యి బాబూ" అని తల వంచింది.

ఇన్నేళ్ల కొప్పు పాయలు పాయలుగా ఒళ్లో పడింది. హాసిని వెళ్లి నాన్నమ్మ మెడ కావిలించుకుంది. భవాని గుడి బయట గంధం కొని, నీళ్లలో కలిపి, ఆ నున్నటి తల మీద రెండు చేతులతో రాసింది. రాస్తూ వెక్కి వెక్కి ఏడ్చింది. మా మామగారు ఆ గుండుని చాలాసేపు చూసి, "ఇప్పుడు ఇద్దరం సమానం" అన్నారు. ఈ ఇంట్లో ఆయన వేసిన మొదటి హాస్యం అదే అయుంటుంది.

తిరుగు పంటు కిక్కిరిసి ఉంది. అందరూ చేపల మహాలక్ష్మమ్మ గుండు చూస్తున్నారు. నేను కొంగు కప్పుకోమని సైగ చేశాను. ఆవిడ కప్పుకోలేదు. మనవరాలి జడ ఒళ్లో వేసుకుని కూర్చుంది. బజారులో ఆవిడకి తెలిసిన మనిషే ఒకావిడ, "ఏంటి మాలక్ష్మమ్మా, ఏం మొక్కు?" అని అడిగింది.

మా అత్తగారు నది ఆ ఒడ్డుకీ ఈ ఒడ్డుకీ వినపడే బజారు గొంతు తీసింది. "మా చిన్నకోడలు ఒక్క చుక్క విషం వెయ్యకుండా ఇంటిల్లిపాదికీ పేలు వదలగొట్టింది. అందరికంటే ఎక్కువ నా తలలోనే ఉన్నాయి! నమ్మకపోతే రా, ఈ పిల్ల జడ విప్పి చూసుకో. నా తల చూస్తావా, అదీ చూడు. అడ్డమేమీ లేదు!"